కోమ్లా డుమోర్ గురించి రేడియోలో చెప్పాలంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బీబీసీలో పనిచేసిన ఘనా జర్నలిస్టు కోమ్లా డుమోర్ మీద పది నిమిషాల ప్రసంగానికి ఒప్పుకున్నావని మీ పిన్ని చెప్పింది. పది నిమిషాలంటే తొమ్మిది వందల మాటలు దాటనీయకు. దాటితే చివర్లో పరుగెత్తి చదవాల్సి వస్తుంది.

అందరూ బీబీసీతో మొదలుపెడతారు. నువ్వు ఘనా రాజధాని అక్రాతో మొదలుపెట్టు. అక్కడి ప్రైవేటు రేడియో స్టేషన్ జాయ్ ఎఫ్‌ఎంలో ట్రాఫిక్ కబుర్లు చెప్పే పనితో ప్రవేశించి, అదే స్టేషన్‌లో పొద్దున్నే వచ్చే సూపర్ మార్నింగ్ షోకి సారథి అయ్యారాయన. 2003లో ఘనా జర్నలిస్టుల సంఘం ఉత్తమ జర్నలిస్టు పురస్కారం ఆ పనికే వచ్చింది. చిక్కు ఇక్కడే ఉంది. మన శ్రోతకి ఎఫ్‌ఎం అంటే సినిమా పాటలు, జోకులు. ఇక్కడి ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఆకాశవాణి బులెటిన్ తిరిగి వినిపించడమే గానీ సొంత వార్తలు వేయకూడదు. ఘనాలో 1990ల మధ్య ప్రైవేటు స్టేషన్లు వచ్చాక పొద్దుటి షో అంటే రాజకీయమే: మంత్రిని కూర్చోబెట్టి అడగడం, జనం ఫోన్ చేసి నిలదీయడం. ఈ తేడా విడమర్చకపోతే ఆయన్ని ఆర్జే అనుకుంటారు. దీనికి రెండు నిమిషాలు పెట్టినా తప్పులేదు.

పుట్టుక, చదువు గబగబా కానివ్వు. 1972 అక్టోబరు 3, అక్రా. ఘనా విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, సైకాలజీ. తర్వాత హార్వర్డ్‌లో ప్రభుత్వ పాలనలో మాస్టర్స్. తాతగారు ఫిలిప్ గ్బెహో ఘనా జాతీయ గీతానికి బాణీ కట్టారు. "గీతం రాశారు" అనేసేవు సుమా, ఇప్పుడు పాడే సాహిత్యం తర్వాత మార్చింది. ఆ పేరులో గ, బ విడదీసి "గబెహో" అనకు. రెండూ ఒక్క ఊపులో రావాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను, నాలుక ఎక్కడ తడబడుతోందో తెలుస్తుంది.

లండన్ రోజులకి మూడు నిమిషాలు చాలు. 2007లో బీబీసీ రేడియో, నెట్‌వర్క్ ఆఫ్రికా కార్యక్రమం. ఆపైన టీవీలో ఆఫ్రికా బిజినెస్ రిపోర్ట్, 2012 నుంచి ఫోకస్ ఆన్ ఆఫ్రికా. 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కి, 2013 డిసెంబరులో మండేలా అంత్యక్రియలకి దక్షిణాఫ్రికా వెళ్లారు. ఎక్కడా "ఆఫ్రికా దేశం" అని దొర్లనీయకు. ఆఫ్రికా ఖండం, ఆయనది ఘనా.

2014 జనవరి 18న లండన్‌లో గుండె ఆగి పోయారు, 41 ఏళ్లకే. ఆ వాక్యం మామూలు గొంతుతోనే చదువు. వణుకు తెచ్చిపెట్టుకుంటే నాటకంలా ఉంటుంది. 2015 నుంచి బీబీసీ ఆయన పేరిట ఆఫ్రికా జర్నలిస్టులకి అవార్డు ఇస్తోంది. మొదటిది ఉగాండాకు చెందిన నాన్సీ కచుంగిరాకి.

ఆయన గొంతు వినిపిస్తే బాగుంటుంది. ముందు అనుమతి తీసుకో. ఇరవై సెకన్లు మించొద్దు. మొదటి నాలుగు సెకన్లు నిండుగా వదిలి, తర్వాత తగ్గించి, దాని మీద నీ తెలుగు రావాలి. తగ్గించకుండా చదివితే రెండూ అర్థం కావు.

మైకు జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టుకో. ఎదురుగా ఉంటే ప, ఫ, భ దగ్గర గాలి కొట్టి ధబ్‌మంటుంది. కాగితాలు ఒకవైపే ప్రింటు తియ్యి, వాక్యం పేజీ దాటకూడదు, పిన్ను కొట్టకు.

రిహార్సల్‌లో టైము మించితే లండన్ భాగంలోనే కోత పెట్టు. అక్రా పేరా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
బాబాయి