ఫుటీ చచ్చిపోయిందని తీర్పు చెప్పే ముందు

ఒరే అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. ఆఫీసులో లంచ్ దగ్గర ఆ పెద్దాయన రోజూ ఇప్పటి రగ్బీ లీగ్‌లో, అదే ఇక్కడోళ్లు ఫుటీ అనేదాంట్లో, పస లేదు, స్కిల్ అంతా మా రోజులతోనే పోయింది అంటున్నాడని, నువ్వూ టీవీలో రెండు మ్యాచ్‌లు చూసి ఐదుసార్లు వెళ్లి గుద్దుకోవడం ఆ తర్వాత బాల్ తన్నేయడం, ఇదేం ఆట మావయ్యా అని రాశావు. సిడ్నీలో వెస్ట్‌మీడ్‌లో ఇల్లు తీసుకున్నావు, చుట్టూ అంతా పారామట్టా ఈల్స్ టీమ్ అభిమానులే, ఈ విషయంలో నీకో అభిప్రాయం ఉండక తప్పదు, కానీ అది తొందరపడి మాత్రం పెట్టుకోకు.

ముందు చెప్పేది, హైలైట్స్ చూసి పాత ఆటని లెక్కెయ్యకు. యూట్యూబ్‌లో పాత ఈల్స్ ఆటగాళ్లు పీటర్ స్టెర్లింగ్ పాసులు, బ్రెట్ కెన్నీ పరుగులు పది నిమిషాల ముక్కలుగా చూస్తే ఎవడికైనా అప్పుడే బావుండేది అనిపిస్తుంది. పాత సినిమా పాటల్లాగే, మంచివే మిగుల్తాయి, చెత్తవి ఎవరూ దాచిపెట్టుకోరు. అందుకే పూర్తి మ్యాచ్ చూడు, 80 నిమిషాలూ. 1986 గ్రాండ్ ఫైనల్‌తో, అంటే సీజన్ చివరి కప్పు మ్యాచ్‌తో మొదలెట్టు, పారామట్టా 4, క్యాంటర్‌బరీ 2. అవి ఫుట్‌బాల్ గోల్స్ అనుకునేవు, కాదు, పాయింట్లు! మొత్తం మ్యాచ్‌లో ఒక్క ట్రై (బాల్‌ని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) లేదు, మన మిక్ క్రోనిన్ తన్నిన రెండు పెనాల్టీలతో కప్పు వచ్చింది. నేను అప్పటికి ఈ దేశం రాలేదు, తర్వాత క్యాసెట్‌లో చూశా. అయినా ఇక్కడ పాతవాళ్లు ఆ మ్యాచ్ పేరెత్తితే కళ్లు తుడుచుకుంటారు, ఎందుకంటే ఆ తర్వాత మన ఈల్స్ మళ్లీ కప్పు ముట్టుకోలేదు. 2001, 2009, 2022 మూడు ఫైనల్స్ ఆడి మూడూ పోగొట్టుకున్నారు. నీ ఆఫీసు పెద్దాయన గుర్తు చేసుకునేది స్కిల్‌నా, గెలుపునా అనేది మెల్లిగా అడిగి చూడు, గొడవ మాత్రం పెట్టుకోకు.

అలాగని ఆయన మాట మొత్తం కొట్టిపారెయ్యకు కూడా. నిజంగానే పోయింది ఒకటుంది. నా లెక్కలో స్కిల్ పోలేదు, రకాలు పోయాయి. 1993 దాకా ట్యాకిల్ (బాల్ ఉన్నవాడిని పట్టి పడేయడం) అయ్యాక డిఫెన్స్ 5 మీటర్లు వెనక్కి వెళ్తే చాలు, ఆ ఏడు 10 మీటర్లు చేశారు. ఆటకి ఖాళీ దొరుకుతుంది అనుకున్నారు, దొరికింది కూడా, కానీ ఆ ఖాళీని ఎవరు వాడుకున్నారు? 110 కిలోల ఫార్వర్డ్‌లు, అంటే మధ్యలో గుద్దుకుంటూ వెళ్లే బరువైనవాళ్లు. దూరం నుంచి పరిగెత్తుకొచ్చి గుద్దితే పది మీటర్లు ఊరికే వస్తుంటే, లైన్ దగ్గరికెళ్లి చేతుల్తో మాయ చేసి పక్కవాడికి బాల్ అందించే పెద్ద ఒళ్లున్నోడి అవసరం ఎవరికుంది? దానికి తోడు కుస్తీ వచ్చింది. ఈసారి మ్యాచ్‌లో ట్యాకిల్ అయ్యాక బాల్‌ని వదిలేసి పట్టుకున్నవాళ్లని చూడు. ముగ్గురుంటారు, ఒకడు బాల్ ఉన్న చేతిని బిగిస్తాడు, ఇంకొకడు ఛాతీ మీద బరువేసి వెల్లకిలా తిప్పుతాడు, మూడోవాడు ఆలస్యంగా కాళ్ల మీద పడతాడు. బోర్లా పడ్డవాడు చటుక్కున లేస్తాడు, వెల్లకిలా పడ్డవాడు తిరిగి, మోకాళ్ల మీదకొచ్చి, నిలబడి, బాల్ కింద పెట్టి కాలితో వెనక్కి దొర్లించేసరికి ఓ సెకనో రెండో ఎక్కువ పడుతుంది, ఆ కాసేపట్లో అవతల లైన్ మొత్తం సర్దుకుని నిలబడుతుంది. ఆట బోరు కొట్టేది అక్కడే. కోచ్ క్రెయిగ్ బెల్లమీ దగ్గర మెల్‌బోర్న్ స్టార్మ్ దీన్నో విద్యలాగా నేర్చుకుంది, అది చూసి అందరూ పట్టుకున్నారు.

దానికి మందుగా 2020లో సిక్స్ ఎగెయిన్ తెచ్చారు. కింద పడ్డవాడిని నొక్కి పెడితే పెనాల్టీకి ఆట ఆపకుండా, బాల్ ఉన్న టీమ్‌కి దొరికే ఆరు ట్యాకిల్స్ లెక్క మళ్లీ మొదటినుంచి. ఆ మందు 2021లో డోసు ఎక్కువైంది, ఒక టీమ్‌కి ఊపొస్తే ఇంక ఆపే దిక్కు లేదు, స్టార్మ్ వరసగా 19 మ్యాచ్‌లు గెలిచేసింది. నా వరకు గత పాతికేళ్లలో చూడలేకపోయిన సీజన్ అదే, స్పీడుంది కానీ పోటీ లేదు. తర్వాత రూల్ కొంచెం సడలించారు, ఇప్పుడు పర్లేదు.

ఇంకోటి, ఈ గోల కొత్తది కాదు. 1966 వరకు ట్యాకిల్స్‌కి లెక్కే లేదు, బాల్ దొరికినవాడు వదలకుండా దాచుకుని కూర్చోవచ్చు, ఆ రోజుల్లో సెయింట్ జార్జ్ టీమ్ వరసగా 11 కప్పులు కొట్టింది. 1967లో నాలుగు ట్యాకిల్స్ పెట్టారు, అప్పుడు మరీ హడావిడి అయిపోయింది అన్నారు, 1971లో ఆరు చేశారు. స్క్రమ్‌లు (రెండు టీమ్‌లూ తలలు కలిపి నెట్టుకుంటూ బాల్ కోసం పోరాడటం) అప్పట్లో నిజంగా పోటీ అనేది కూడా నిజమే, కానీ పాత మ్యాచ్‌లో అదెంతసేపు సాగేదో, ఎన్నిసార్లు కూలి మళ్లీ పెట్టేవాళ్లో చూశాక ఇప్పటి ఉత్తుత్తి స్క్రమ్ మీద నీకు కోపం రాదులే.

కొట్టుకోవడం తగ్గి మజా పోయిందనేవాళ్లుంటారు, వాళ్ల మాట అసలు వినకు. 2013లో షోల్డర్ చార్జ్ (చేతులు చాచకుండా భుజంతో గుద్దడం) ఆపేశారు, అదే ఏడు రాష్ట్రాల మధ్య జరిగే ఆరిజిన్‌లో పాల్ గాలెన్ గుద్దులు చూశాక పిడికిలి ఎత్తితే సిన్ బిన్, అంటే కాసేపు గ్రౌండ్ బయట కూర్చోవడం, అన్నారు. తలకి దెబ్బలు తగిలి ఆ తర్వాత ఇబ్బంది పడుతున్న పాత ఆటగాళ్లని చూస్తే ఆ మజా ఎవరికి కావాలి.

ఇప్పటి స్కిల్ ఎక్కడుందంటే, మూలలో ఉంది. 2010 నుంచి కార్నర్ పోస్ట్ తగిలినా అవుట్ కాదు, దాంతో అంచుల్లో ఆడే వింగర్లు ఒళ్లంతా గీత బయట గాల్లో తేలుతూ ఒంటిచేత్తో బాల్ లోపల ఆనిస్తారు, పాతకాలంలో అలాంటి ట్రైలు నువ్వు వెతికినా దొరకవు. పైనించి వచ్చే బాల్‌ని ముగ్గురి మధ్య ఎగిరి పట్టడం కూడా అంతే. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం అలిసిపోయిన డిఫెన్స్‌ని తెలివైన హాఫ్‌బ్యాక్, అంటే ఎత్తుగడ నడిపేవాడు, విప్పడం. ఇంటర్‌చేంజ్‌లు (ఆటగాళ్లని మార్చడం) ఒకప్పుడు ఎన్నైనా చేసేవాళ్లు, 2001లో 12, 2008లో 10, 2016లో 8కి దించారు, పెద్దోళ్లు రెస్టు లేక రొప్పుతుంటే చివర్లో చిన్నోళ్ల బుర్రకి పని దొరుకుతుంది. దీనికోసం 2023 ఫైనల్ చూడు, ఎజ్రా మామ్ మూడు ట్రైలతో బ్రిస్బేన్ 24-8 ఆధిక్యంలో ఉంటే హాఫ్‌బ్యాక్ నేథన్ క్లియరీ చివరి 20 నిమిషాల్లో ఒక్కడే మ్యాచ్‌ని లాక్కుని పెన్రిత్‌కి 26-24తో ఇచ్చాడు. దాని పక్కనే 1989 పెట్టుకుని చూడు, క్యాన్‌బెర్రా, బాల్‌మెయిన్, ఎక్స్‌ట్రా టైమ్‌లో 19-14, క్యాన్‌బెర్రా ఆటగాడు మాల్ మెనింగా వేళ్లతో అవతలోడి చీలమండ తట్టి ట్రై ఆపాడు, పక్కా ట్రై అది. రెండిట్లో ఏది గొప్పదో నన్నడక్కు, రోజుకో మాట చెప్తా.

టీవీ మానేసి ఒకసారి గ్రౌండ్‌కి వెళ్లు. టీవీలో బాల్ చుట్టూ ఉన్న పదిమందే కనిపిస్తారు, అందుకే నీకు ఉత్త గుద్దులాటలా ఉంది. టికెట్ కొనేటప్పుడు పక్క స్టాండ్ వద్దు, గోల్ పోస్టుల వెనక పై అంతస్తు తీసుకో, రేటు కూడా తక్కువే, అక్కడ్నించి అందరికన్నా వెనక నిలబడే ఫుల్‌బ్యాక్ ఎటు జరుగుతున్నాడు, ఐదో ట్యాకిల్‌కి ముందు హాఫ్‌బ్యాక్ తలెత్తి ఎవరి వెనక ఖాళీ వెతుకుతున్నాడు అన్నీ తెలుస్తాయి. పిల్లని కూడా తీసుకెళ్లు. జూలై అంటే ఇక్కడ చలికాలం, రాత్రుళ్లు అక్కడ గాలి మామూలుగా ఉండదు, మన హైదరాబాద్ స్వెటర్ ఆనదు, మందం జాకెట్ వేసుకో, ఫ్లాస్కులో టీ లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కో.

మీ మావయ్య