గ్రూపు సంగతి తర్వాత, ముందు బాబు దగ్గరికి వెళ్లండి

ప్రశ్న: మా బాబు విజయవాడలో హాస్టల్లో ఉండి జేఈఈ కోచింగ్‌తో ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాడు. ఈమధ్య వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కి మార్చారు. మొన్న వెళ్తే చిక్కిపోయి ఉన్నాడు. ఎంతో ఇష్టపడి కొనిపించుకున్న క్రికెట్ బ్యాటు రూమ్మేట్‌కి ఇచ్చేశాడట. ‘నా మీద పెట్టిన ఖర్చు చాలు నాన్నా, చెల్లిని బాగా చదివించండి’ అన్నాడు. మాది మిర్చి వ్యవసాయం. కోచింగ్ మాన్పించి సీఈసీలో చేర్చమంటారా?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: సీఈసీ సంగతి చివర్లో చెబుతాను. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, తాను ఇంటికి భారమన్నట్టు మాట్లాడటం, తిండి తగ్గడం... ఇన్ని ఒకేసారి కనిపిస్తే చదువు ఒత్తిడేలే అని సరిపెట్టుకోకూడదు. ప్రాణం తీసుకునే ఆలోచన ఉందేమోనని అనుమానించాల్సిందే. ఆదివారం దాకా ఆగకుండా ఇవాళే బయల్దేరండి. ‘టెస్టు అయ్యాక తీసుకెళ్లండి’ అని కాలేజీ వాళ్లు అన్నా వినకండి.

పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘నాన్నా, చనిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువ. అడిగాక మీరు మాట్లాడకండి, వాణ్ని మాట్లాడనివ్వండి. అప్పుల సంగతి, పక్కింటి అబ్బాయి ర్యాంకు, ‘పిచ్చి ఆలోచనలు మానెయ్’ లాంటి మాటలు ఎత్తొద్దు. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అంటే మాత్రం వెయ్యకండి.

అవునన్నా, మౌనంగా తల దించుకున్నా ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుడికి చూపించండి. డాక్టర్ దొరికేలోపు 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వాణ్ని ఇంటికి తెచ్చేముందే పురుగు మందులు, పెద్దవాళ్ల మాత్రలు ఇంట్లోంచి తీసేయించండి. మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఉన్నట్టుండి హుషారుగా కనిపించినా వెంటనే కాపలా సడలించకండి.

బ్యాటు తీసుకున్న ఆ రూమ్మేట్‌తో విడిగా మాట్లాడండి. రాత్రుళ్లు నిద్రపోతున్నాడా, ఏమంటున్నాడు అన్నవి వార్డెన్ కంటే అతనికే ఎక్కువ తెలుస్తాయి. కాలేజీలో కౌన్సెలర్ ఎవరని కూడా అడగండి. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉండగా ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం 100 మంది లేదా అంతకు పైగా విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయొద్దని కూడా అందులో ఉంది. ఎంతమంది పాటిస్తున్నారో నన్ను అడక్కండి.

ఇక సీఈసీ. సెకండియర్ మధ్యలో గ్రూపు మార్చడం తేలిక కాదు. పైగా ఇప్పుడు ఆ మాటెత్తితే ‘నా మీద ఆశ వదిలేసుకున్నారు’ అనే వాడికి వినిపిస్తుంది. ఇంటి దగ్గరే ఉండి చదువుకుని బోర్డు పరీక్షలు రాసి ఈఏపీసెట్‌కి వెళ్లొచ్చు. జేఈఈ మెయిన్ ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు, ఏడాదికి రెండుసార్లు రాయొచ్చు. ఈ ఏడాది ఏ పరీక్షా రాయలేకపోయినా పర్వాలేదు. డాక్టర్‌ని కలిసి, వాడికి నిద్ర కుదుటపడ్డాక ఇద్దరూ కలిసి రండి. ఫస్టియర్ మార్కుల మెమో తెచ్చుకోండి, వాడేమంటాడో విని చూద్దాం.