మనవడికి మాటలు రావట్లేదంటే కోడలికి కోపం వస్తోంది, ఏం చేయను?

ఖమ్మం నుంచి కూకట్‌పల్లిలో ఉన్న కొడుకు ఇంటికొచ్చి మనవణ్ణి చూసుకుంటున్న ఒక నాయనమ్మ రాశారు. బాబుకి రెండేళ్ల రెండు నెలలు. 14వ నెలకే నడిచాడు, ఏడాది నిండేసరికి 'తాత', 'అత్త' అనేవాడు, ఏడాదిన్నర దాటాక ఆ రెండు మాటలూ మానేశాడు. పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే వేలుపెట్టి చూపించడు, మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫ్రిజ్ తలుపు మీద పెడతాడు. కారు బొమ్మని తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ గంటసేపు అలాగే కూర్చుంటాడు. ఈ మాట ఎత్తితే కోడలు 'నా కొడుక్కి ఏదో ఉందంటారా' అని ఏడ్చిందట, కొడుకేమో 'నాకూ మూడేళ్లకి గానీ మాటలు రాలేదని నువ్వేగా చెప్పేదానివి' అని కొట్టిపారేశాడట. నోరు మూసుకుని ఖమ్మం వెళ్లిపోనా అని అడుగుతున్నారు.

అమ్మా, వెళ్లకండి. మీరు ఊరికే భయపడట్లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చక్రాలు తిప్పడం కాదు, ఆ వయసులో చాలామంది పిల్లలు తిప్పుతారు. వచ్చిన మాటలు పోయాయన్నారు చూడండి, అదీ సంగతి. మాటలు ఆలస్యంగా రావడం వేరు, వచ్చినవి పోవడం వేరు. పిల్లలు ఏ వయసులోనైనా సరే, నేర్చుకున్న మాటో పనో మానేస్తే పిల్లల డాక్టర్లు 'ఇంకొన్నాళ్లు చూద్దాం' అనరు. మామూలుగా ఏడాది నిండేటప్పటికి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, ఆ తర్వాత కొద్ది నెలల్లో చందమామనో కుక్కనో వేలితో చూపించి మన మొహంలోకి చూడాలి, రెండేళ్లకి 'అమ్మ దా', 'పాలు కావాలి' లాగా రెండు మాటలు కలపాలి. మీ అబ్బాయికి మూడేళ్లకి మాటలు వచ్చాయంటున్నారు సరే, ఆ వయసులో అతను పిలిస్తే తిరిగేవాడా, సైగలు చేసేవాడా, మీతో దోబూచులాడేవాడా? గుర్తు చేసుకోండి. ఆడి ఉంటే ఆ పోలిక ఇక్కడ చెల్లదు, ఆ సంగతి కొడుక్కి చెప్పగలిగింది మీరొక్కరే.

ఇది ఆటిజమా ఇంకొకటా అని ఉత్తరం చూసి నేను చెప్పను, మీరూ ఇంట్లో ఆ పేరు ఎత్తకండి. కోడలు భయపడుతోంది ఆ పేరుకే. ఆమె రాత్రిళ్లు అందరూ పడుకున్నాక ఫోన్‌లో ఇదే వెతుకుతూ ఉంటుందని నా అనుమానం, అంత కోపం ఏమీ తోచని మనిషికి రాదు. అందుకని ముందు కొడుకుతో ఒంటరిగా మాట్లాడండి. 'బాబు పిలిస్తే తిరగట్లేదు రా, చెవులు ఒకసారి చూపిద్దాం' అనండి, అంతవరకే. ఇది మీరు ఆడుతున్న నాటకమేమీ కాదు, డాక్టరైనా మొదట చేయించేది వినికిడి పరీక్షే. టీవీలో ప్రకటన పాట వస్తే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడు, చెవులకేం అంటాడేమో మీ అబ్బాయి. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలుంటారు, చెవిలో నీరు చేరినా అలా అవుతుంది. బేరా అని ఒక పరీక్ష ఉంది, బాబు నిద్రపోయాక తలకి చిన్న వైర్లు అతికించి చేస్తారు, నొప్పి ఉండదు. కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లినా సరే, ప్రైవేటులో చేయించినా సరే.

దాని తర్వాత పిల్లల డాక్టర్ దగ్గరికి. టీకాలు వేసే డాక్టర్‌నే అడగొచ్చు. ఎంచాట్ అని 20 ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది, 16 నుంచి 30 నెలల పిల్లలకి, తల్లిదండ్రులే నింపుతారు. అదేమీ రోగ నిర్ధారణ కాదు, ఇంకా లోతుగా చూడాలా వద్దా అని తెలుస్తుందంతే. బాబుకి 26 నెలలు కాబట్టి ఇంకా సమయం దాటలేదు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది, బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందులున్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. చిన్నపిల్లల ఎదుగుదల పరీక్ష, స్పీచ్ థెరపీ అన్నీ అక్కడే ఉంటాయి. దేశం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు, మీకు కూకట్‌పల్లి నుంచి ఎంత దూరమని. ఇంటి దగ్గర థెరపీ సెంటర్‌లో చేర్చేట్టయితే థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగమనండి. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించి పూర్తిగా నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ల గుమ్మం తొక్కొద్దు, ఆటిజానికి అది పనిచేస్తుందని రుజువు కాలేదు.

వసకొమ్ము అరగదీసి నాకిస్తున్నాను అని కూడా రాశారు. ఆపేయండి. దానివల్ల మాటలు రావు, పైగా పసివాళ్లకి మంచిది కాదు.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. ఫోన్ వల్లే వాడిలా అయ్యాడని కోడల్ని అంటున్నారు, కానీ మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు ఫోన్ పెడుతున్నది మీరే అని మీ ఉత్తరంలోనే ఉంది. ఫోన్ ఆటిజాన్ని తెచ్చిపెట్టదు, కాకపోతే మనతో మాట్లాడుకోవాల్సిన గంటలన్నీ తినేస్తుంది. ఈ వయసులో రోజుకి గంటకి మించొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది, ఎంత తక్కువైతే అంత మంచిది. మానిపిస్తే రెండు మూడు రోజులు సరిగ్గా తినడు, ఏడుస్తాడు, కోడలికి ముందే చెప్పి మొదలుపెట్టండి. వాడు చక్రాలు తిప్పుతుంటే లాక్కోకుండా పక్కన నేల మీద కూర్చుని మీరూ ఒక కారు తిప్పండి, ఆపండి, వాడు మీ వైపు చూసేదాకా ఆగి మళ్లీ తిప్పండి. బాల్కనీలోకి ఎత్తుకెళ్లి పావురాన్ని చూపించండి, మీకు నోటికొచ్చిన పాట పాడి చివరి మాట దగ్గర ఆగండి. బాబుకి ఇంగ్లీషు, తెలుగు రెండూ మాట్లాడటం వల్లే మాటలు రావట్లేదని ఎవరో అన్నారట, అదేం లేదు, మీకు వచ్చిన తెలుగులోనే హాయిగా మాట్లాడండి.

కొడుక్కీ కోడలికీ తెలియకుండా మీరు ఆటో ఎక్కి బాబుని ఎక్కడికీ తీసుకెళ్లొద్దు. మంచి కోసమే అయినా ఆ పని చేశారంటే కోడలు మిమ్మల్ని ఇక నమ్మదు, రేపు థెరపీ మొదలైతే పగలంతా వాడితో చేయించాల్సింది మీరే. అలాగని నెలలకి నెలలు నానబెట్టకండి. రెండు మూడు వారాల్లో కొడుకు కదలకపోతే, పిలిచినా తిరగకుండా ఆడుకుంటున్న వీడియో ఒకటి తీసి ఆఫీసు లేని రోజు అతనికి చూపించండి, పక్కన వ్యాఖ్యానం వద్దు. ఆ వీడియో డాక్టర్‌కీ పనికొస్తుంది, ఎందుకంటే ఆసుపత్రిలో పిల్లలు ఇంట్లోలా ఉండరు. బాబు ఏ నెలలో ఏం అన్నాడో, ఎప్పుడు మానేశాడో మీకే బాగా గుర్తుంది కాబట్టి ఒక కాగితం మీద రాసి కోడలి చేతికివ్వండి, ఆమె అడిగితేనే డాక్టర్ గదిలోకి వెళ్లండి. డాక్టర్ ఏం చెప్పినా ఆ సాయంత్రమే ఖమ్మంలో మీ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేయకండి. చుట్టాల్లో ఎవరికి, ఎప్పుడు చెప్పాలో వాళ్లిద్దరినీ తేల్చుకోనివ్వండి.