పుర్రె గుర్తు లేదు కదా అని డీఎంఎఫ్ దగ్గర కూర్చోబెట్టారు, కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 27 ఏళ్లు. హైదరాబాద్ శివారులో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో నాలుగేళ్లుగా కెమిస్ట్‌గా చేస్తున్నాను. ఇప్పుడు తొమ్మిదో వారం గర్భం. ల్యాబ్‌లో మెథనాల్, ఎసిటోనైట్రైల్, డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే సాల్వెంట్లు, అంటే శాంపిళ్లను కరిగించే ద్రవాలు, రోజూ వాడతాం. విషయం చెప్పగానే మా సీనియర్, మెథనాల్ బాటిల్ మీద పుర్రె గుర్తు ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లొద్దని, డీఎంఎఫ్ మీద పుర్రె లేదు కాబట్టి ఏం కాదని నన్ను పూర్తిగా జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ మెషిన్) పని మీదకు మార్చారు. మూడు వారాలుగా డీఎంఎఫ్‌తోనే శాంపిళ్లు తయారు చేస్తున్నాను. నిన్న బాటిల్ చూస్తే ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ ఉంది, సేఫ్టీ షీట్‌లో కేటగిరీ 1బి అని ఉంది. ఒకటి అంటే తక్కువనా, ఎక్కువనా? ఇప్పటిదాకా చేసినదానికి బిడ్డకు ఏమైనా అవుతుందా? ఉద్యోగం మానేయాలా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. రేపు డ్యూటీకి వెళ్లగానే డీఎంఎఫ్ పని ఆపేయండి. మీ సీనియర్ మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు, కానీ గుర్తులను తప్పుగా చదివారు. ఆ మూడింటిలో గర్భిణి మొట్టమొదట దూరం పెట్టాల్సింది డీఎంఎఫ్‌నే. రెండో మాట కూడా ఇప్పుడే చెప్తాను, కింద దాకా చదివే ఓపిక మీకు ఈ టెన్షన్‌లో ఉండకపోవచ్చు: మూడు వారాలు గ్లౌజులు వేసుకుని, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే క్యాబిన్‌లో), కొద్దికొద్ది మిల్లీలీటర్లతో పని చేసినంత మాత్రాన బిడ్డకు ఏదో జరిగిపోయిందని అర్థం కాదు. ఈ కారణంతో గర్భం తీయించుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

ఇప్పుడు ఆ గుర్తుల సంగతి. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు నుంచి నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో పుర్రె గుర్తు అందరికీ తెలుసు. పుర్రె ఉంటే విషం, లేకపోతే మామూలు మందు అని లెక్క. కానీ పుర్రె చెప్పేది ఒకే ఒక్క విషయం: ఒకసారి మింగినా, పీల్చినా, ఒంటికి అంటినా, తక్కువ మోతాదులోనే ప్రాణం మీదకు వస్తుందని. పదేళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్ గురించి గానీ, కడుపులో ఉన్న బిడ్డ గురించి గానీ అది ఏమీ చెప్పదు. ఆ పని చేసేది మీరు నిన్న చూసిన గుర్తు, ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టు ఉన్న మనిషి బొమ్మ. మెథనాల్ మీద పుర్రె ఎందుకుందంటే కొద్దిగా తాగినా చూపు పోతుంది, ప్రాణం పోతుంది, కల్తీ సారా కేసుల్లో మనం చూస్తున్నది అదే. డీఎంఎఫ్ అంత వేగంగా మనిషిని చంపదు కాబట్టి దానికి పుర్రె రాదు, ఆశ్చర్యార్థకం గుర్తు వస్తుంది, మంట గుర్తు వస్తుంది, వాటి పక్కనే ఆ మనిషి బొమ్మ.

ఈ ఎర్ర అంచు డైమండ్ గుర్తులు ఒక్కో కంపెనీ సొంతంగా పెట్టుకున్నవి కావు. ఒకే కెమికల్‌ను ఒక దేశంలో విషం అని, ఇంకో దేశంలో హానికరం అని, మరో దేశంలో ఏమీ కాదని రాసేవారు. దీన్ని సరిచేయాలని 1992 రియో సదస్సులో అనుకున్నారు, కెమికల్స్‌ను అన్ని దేశాల్లో ఒకే తీరుగా వర్గీకరించి లేబుల్ వేసే జీహెచ్‌ఎస్ అనే పద్ధతిని ఐక్యరాజ్యసమితి 2003లో పుస్తకంగా తెచ్చింది. మొత్తం తొమ్మిది గుర్తులు. వాటి కింద చిన్న అక్షరాల్లో హెచ్ అనే అక్షరంతో మొదలయ్యే మూడంకెల నంబర్లు ఉంటాయి, బొమ్మకన్నా అవే ముఖ్యం. రెండువందలతో మొదలైతే మంట, పేలుడు లాంటి భౌతిక ప్రమాదం. మూడువందలతో మొదలైతే ఒంటికి సంబంధించినది. నాలుగువందలైతే నీళ్లు, చేపలు, పర్యావరణం. మీ డీఎంఎఫ్ బాటిల్ మీద హెచ్ 360 డి అని ఉంటుంది చూడండి. 360 అంటే సంతానానికి సంబంధించిన హాని, పెద్ద డి అంటే కడుపులో పిండానికి. అదే ఎఫ్ ఉంటే పిల్లలు పుట్టే శక్తికి. 361 అని ఉంటే అనుమానం ఉందని, 360 అని ఉంటే అనుమానం దాటి నమ్మదగ్గ ఆధారం ఉందని.

ఇక మీరు అడిగిన ఒకటి సంగతి. ఈ పద్ధతిలో అంకె ఎంత చిన్నదైతే అంత తీవ్రం. కేటగిరీ 1 అన్నిటికన్నా పైది. కానీ ఇక్కడ చాలామంది పొరబడే మెలిక ఒకటి ఉంది, చదువుకున్న కెమిస్టులు కూడా. పుర్రె గుర్తు ఉన్న చోట కేటగిరీ అంటే మోతాదు లెక్క. మింగినప్పుడు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములో, అంతకన్నా తక్కువో సగం జంతువులను చంపితే కేటగిరీ 1, 50 వరకు అయితే 2, 300 వరకు 3, 2000 వరకు 4. మొదటి మూడింటికే పుర్రె, నాలుగో దానికి ఆశ్చర్యార్థకమే. కానీ గర్భానికి, క్యాన్సర్‌కు సంబంధించిన కేటగిరీల్లో మోతాదు లెక్క కాదు, ఆధారం ఎంత గట్టిది అన్నదే లెక్క. 1ఎ అంటే మనుషుల్లోనే హాని చూశారని. 1బి అంటే ప్రధానంగా జంతువుల మీద చేసిన పరీక్షల్లో స్పష్టంగా కనిపించింది, మనుషులకూ వర్తిస్తుందని భావించాల్సిందేనని. 2 అంటే అనుమానించడానికి కారణం ఉంది, ఆధారం అంత గట్టిగా లేదని. డీఎంఎఫ్‌ను ఎక్కువ మోతాదుల్లో ఇచ్చినప్పుడు ఎలుకల్లో, కుందేళ్లలో పిండాలకు హాని జరిగింది, అందుకే 1బి. ఒక్క చుక్క తగిలితే బిడ్డకు లోపం వస్తుందని ఆ 1బికి అర్థం కాదమ్మా. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఈ అపార్థమే అనుకుంటున్నాను.

అలాగని నేను తేలిగ్గా తీసుకోమనడం లేదు. లేబుల్ చెప్పేది ఆ పదార్థం గుణం. మీకు ఎంత ముప్పు అన్నది అది మీ ఒంట్లోకి ఎంత వెళ్లింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. బుట్టలో ఉన్న తాచుకూ, గట్టు మీద కాలికి అడ్డం వచ్చిన తాచుకూ విషం ఒకటే, ముప్పు వేరు. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకులోంచి లీకైన స్టైరీన్‌ను గుర్తు చేసుకోండి, జీహెచ్‌ఎస్ లెక్కలో పీల్చినప్పుడు దాని విషగుణం కేటగిరీ 4, అంటే పుర్రె లేదు. వేడెక్కి, తనలో తాను రసాయన చర్య జరుపుకుని, ఆవిరై ఊరి మీద పడితే పన్నెండు మంది చనిపోయారు. గుర్తు చిన్నదే, ఒంట్లోకి వెళ్లిన మోతాదు పెద్దది. మీ విషయంలో ఇది తలకిందులు: గుర్తు పెద్దది, వెళ్లిన మోతాదు బహుశా చిన్నది.

బహుశా అని ఎందుకన్నానంటే డీఎంఎఫ్‌కు ఒక చెడ్డ గుణం ఉంది, అది చర్మంలోంచి సులువుగా లోపలికి పోతుంది. ముక్కుకు వాసన రాకపోయినా చేతుల్లోంచి వెళ్తుంది. ల్యాబుల్లో వాడే ఆ నీలం రంగు పల్చటి నైట్రైల్ గ్లౌజులు దీనికి పనికిరావు, నిమిషాల్లోనే ఇంకిపోతుంది, పైగా లోపల చెమటతో తడిసిన చర్మం. మీరు ఉదయం వేసుకున్న జతతోనే మధ్యాహ్నం దాకా పని చేసి ఉంటే అది గ్లౌజు వేసుకోనట్టే. దీనికి బ్యుటైల్ రబ్బరు గ్లౌజులు కావాలి. ముక్కుకు కట్టుకునే సర్జికల్ మాస్కు గానీ, ఎన్95 గానీ ఆవిరిని ఆపలేవు, అవి దుమ్ముకూ తుంపరలకే.

ప్రొడక్షన్‌లో డీఎంఎఫ్ డ్రమ్ముల దగ్గర పనిచేసే ఒక కుర్రాడు చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి వచ్చాడు. పెళ్లిలో అర గ్లాసు బీరు తాగితే మొహం ఎర్రగా కందిపోయి, గుండె దడదడలాడిందట, ఇంతకుముందు ఎప్పుడూ అలా కాలేదట. బీరులో ఏదో కలిపారని స్నేహితులతో గొడవ పడ్డాడు. అది బీరు తప్పు కాదు, డీఎంఎఫ్ ఒంట్లో ఉన్నప్పుడు మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైము సరిగా పనిచేయదు, అందుకే ఆ కందిపోవడం. లివర్ పరీక్ష చేయిస్తే ఎంజైములు పెరిగి ఉన్నాయి. డ్రమ్ముల పని మాన్పించాక కొన్ని వారాలకు మామూలుకొచ్చాయి. అతనికి ఆ డ్రమ్ము మీద ఏముందో ఆ రోజు వరకు ఎవరూ చదివి చెప్పలేదు, నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మీకు కూడా నేను లివర్ పరీక్ష రాస్తున్నాను, ఎల్‌ఎఫ్‌టీ అంటారు, ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు. డీఎంఎఫ్ ఎక్కువైతే కడుపులో నొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఉంటాయి, మీకేమో ఇది వేవిళ్ల సమయం, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు కాబట్టి పరీక్ష మేలు. ఒంట్లో ఎంత విషం ఉందో చూపించే పరీక్ష కావాలని చాలామంది అడుగుతారు. డీఎంఎఫ్ ఎంత వెళ్లిందో మూత్రంలో చూసే పద్ధతి ఉంది గానీ అది షిఫ్టు అయిన వెంటనే తీసిన శాంపిల్‌తో చేయాలి, పని ఆపేశాక ఒకట్రెండు రోజుల్లో ఒంట్లోంచి దాదాపు పోతుంది, ఇప్పుడు దానికోసం తిరగొద్దు. పని ఆపితే పేరుకుపోకుండా పోతుందన్నది మీకు మంచి వార్తే కదా.

మీ గైనకాలజిస్టుకు కెమికల్ పేర్లు రాసి ఇవ్వండి. సాల్వెంట్లు అని చెప్తే చాలదు, ఏ సాల్వెంటో పేరుతో చెప్పాలి. 11 నుంచి 14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్ (పిండం మెడ వెనక మందం చూసేది), 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసేది) ఎలాగూ అందరికీ చేస్తారు, మీరు ఆ రెండూ తప్పించుకోకుండా సమయానికి చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ మానొద్దు. ఇంట్లో కూడా చెప్పేయండమ్మా, కనీసం మీ వారికైనా. ఈ భయాన్ని ఒక్కరే మోయాల్సిన పని లేదు.

మిగతా రెండు బాటిళ్ల గురించి. మెథనాల్, ఎసిటోనైట్రైల్ రెండూ ఇట్టే అంటుకుంటాయి, గది వేడి చాలు వాటి ఆవిరికి నిప్పు అందుకోవడానికి, అందుకే రెండింటి మీదా మంట గుర్తు, దాని పక్కన హెచ్ 225. హాట్ ప్లేట్ దగ్గర పెట్టొద్దని అందరికీ తెలుసు గానీ హెచ్‌పీఎల్‌సీ మెషిన్ కింద మూత లేకుండా ఉండే వేస్ట్ క్యాన్ సంగతి ఎవరూ పట్టించుకోరు, రోజంతా మీరు పీల్చేది అక్కడి నుంచే. ఎసిటోనైట్రైల్‌కు పుర్రె లేదు, ఆశ్చర్యార్థకమే, కానీ అది ఒంట్లోకి వెళ్లాక నెమ్మదిగా సైనైడ్‌గా మారుతుంది. బాటిల్ పగిలి మీద పడినా, గట్టిగా పీల్చినా ఆ క్షణాన ఏమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత ఇంటికి వెళ్లాక తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. అలాంటిది జరిగితే బాగానే ఉన్నానని ఇంటికి వెళ్లిపోకుండా ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండి, కెమికల్ పేరు డాక్టరుకు చెప్పాలి. మామూలుగా హుడ్‌లో చేసే పనితో ఈ ప్రమాదం రాదు, కానీ గర్భంతో ఉన్నప్పుడు మొబైల్ ఫేజ్ (హెచ్‌పీఎల్‌సీలోకి పంపే సాల్వెంట్ల మిశ్రమం) కలపడం, వేస్ట్ పారబోయడం వేరే వాళ్లకు ఇవ్వమనండి.

ఉద్యోగం మానేయక్కర్లేదు. సేఫ్టీ ఆఫీసరుకు, కంపెనీ డాక్టరుకు కలిపి ఒక మెయిల్ పెట్టండి, నోటితో చెప్పి ఊరుకోవద్దు. గర్భంతో ఉన్నానని, డీఎంఎఫ్ హెచ్ 360 డి అని, ప్రసవం అయ్యేదాకా డాక్యుమెంటేషన్, డేటా రివ్యూ లాంటి పని ఇమ్మని నాలుగు ముక్కలు చాలు. ప్రతి కెమికల్‌కూ సేఫ్టీ షీట్ 16 భాగాలతో ఉంటుంది. అందులో రెండో భాగంలో ఈ కేటగిరీలు, ఎనిమిదో భాగంలో గాలిలో ఎంత ఉండొచ్చు, ఏ గ్లౌజు వాడాలి, పదకొండో భాగంలో ఒంటి మీద ప్రభావాలు ఉంటాయి. ఆ మూడు భాగాలు ప్రింట్ తీసి మెయిల్‌కు జత చేయండి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, పనిచేసే చోట తమ ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం అడిగే హక్కు కార్మికులకు ఇచ్చారు, కాబట్టి షీట్ అడగడానికి మొహమాటపడకండి.

మీ సీనియర్‌కు కూడా ఒక మాట. డీఎంఎఫ్ బదులు డీఎంఎస్‌ఓ అనే ఇంకో సాల్వెంట్‌తో అదే జీసీ మెథడ్ వాలిడేట్ చేయగలరేమో చూడండి, చాలా శాంపిళ్లకు కుదురుతుంది. యూరప్‌లో 2023 డిసెంబర్ నుంచి, పనివాళ్లు పీల్చే గాలిలో డీఎంఎఫ్ ఘనపు మీటరుకు 6 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలని నియమం పెట్టారు. మందు బిళ్లలో డీఎంఎఫ్ 880 పీపీఎం (పది లక్షల్లో 880 వంతులు) దాటకూడదని రోజూ మనమే కొలిచి సంతకం పెడుతున్నాం, ఆ కొలత తీసే అమ్మాయి పీల్చే గాలిని కూడా ఒకసారి కొలవండి.

ఇంకొక్కటి, ప్రసవం తర్వాత డ్యూటీకి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. తల్లిపాలు తాగే పిల్లలకు హాని కలగొచ్చని చెప్పే హెచ్ 362కు బొమ్మే లేదు, లేబుల్ మీద చిన్న అక్షరాల్లోనే వెతుక్కోవాలి. తిరిగి చేరే ముందు మీరు ముట్టుకోబోయే కెమికల్స్ లిస్టు పంపండి, కలిసి చూద్దాం. ఎల్‌ఎఫ్‌టీ మాత్రం ఈ వారంలోనే చేయించి, రిపోర్టు మీ గైనకాలజిస్టుకు చూపించండి.