అల్లుడికి, స్టీరింగ్ ఆయిల్ కారుతున్న బండి గురించి

ఒరేయ్ అల్లుడూ,

బండి కింద ఎర్రటి మరకలు పడుతున్నాయనీ, షాపులో చూపిస్తే ముందు చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలన్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పి ఒకటే కంగారు. ర్యాక్ జోలికి ఇప్పుడే పోకు. అద్దె బండి తిప్పిన రోజుల్లో నాకూ ఒకచోట ఇదే మాట చెప్పారు, తీరా చూస్తే పోయింది కూలర్ పైపు. రేడియేటర్‌కి ముందు, బంపర్ వెనకాల వంపు తిరిగి ఉంటుంది చూడు ఒక సన్న గొట్టం, అదే. ర్యాక్‌లో పనిచేసి వేడెక్కిన ఆయిల్ తిరిగి స్టీరింగ్ ఆయిల్ డబ్బాలోకి వెళ్తూ దాని గుండా పోయి చల్లబడుతుంది, అంతకు మించి దాంట్లో ఏమీ లేదు. మన వైపు అది పాడైందంటే ఆశ్చర్యం ఏముంది? మీకు సముద్రం గాలి, ముందు పోయే రొయ్యల లారీ రోడ్డు పొడవునా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోతుంది, పైగా రోడ్డు మీద పరిచిన గడ్డి తొక్కితే ఆ పరకలు లోపల ఇరుక్కుని తడి పట్టుకుని కూర్చుంటాయి. ఇనుప గొట్టమైతే బ్రాకెట్ కరుచుకునే చోటే ముందు తుప్పు తింటుంది.

కానీ కూలరే అని నేనూ ఇక్కడ కూర్చుని చెప్పలేను, నువ్వే చూడాలి. బొట్టు పడిన చోటు నమ్మకు, బండి పోతుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. తడిగా ఉన్నవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు వెతుకు. పాత బనీనుతో అంతా పొడిగా తుడిచి, మీ అమ్మ చూడకుండా ఆవిడ పౌడర్ డబ్బా తెచ్చి ఆ పైపుల మీద చల్లు. ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆన్ చేయించి, స్టీరింగ్ నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పించి ఆపేయమను. పౌడరు ఎక్కడ ముద్దయితే చిల్లు అక్కడ. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఫ్యాన్‌కి దూరంగా ఉండు, కారుతుందేమోనని వేలితో తడమకు. కూలర్ వైపు ప్రెజర్ తక్కువేగానీ, ఆయిల్‌ని తోసే పంపు నుంచి ర్యాక్‌కి వెళ్లే పైపులో చాలా ఎక్కువ ఉంటుంది, సన్న చిల్లులోంచి కొట్టిందంటే చర్మంలోకి దిగిపోతుంది. గొట్టం బాగానే ఉండి రబ్బరు హోస్ అతుకు దగ్గర మాత్రమే చెమరుస్తుంటే నీ అదృష్టం, హోసూ క్లిప్పూ మారిస్తే పనైపోతుంది.

కూలర్ మార్చేటప్పుడు హోసులు, క్లిప్పులు కూడా కొత్తవే వెయ్యి. షాపులో పవర్ స్టీరింగ్ రిటర్న్ లైనుకని, అంటే ఆయిల్ డబ్బాకి తిరిగొచ్చే పైపుకని అడుగు. నేను ఇక్కడే తెలివి చూపించాను, ఇంట్లో మిగిలిన రేడియేటర్ హోసు లావుగా గట్టిగా ఉంది కదా అని అది బిగించేశాను. అది నీళ్లకి చేసిన రబ్బరు, ఆయిల్ తగిలి మెత్తబడి ఉబ్బిపోయింది. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి కుంయ్‌మని మూలుగు, వంతెన దిగి కాలువ గట్టు మలుపు దగ్గరికొచ్చేసరికి స్టీరింగ్ బండరాయి. ఆయిల్ లేకపోయినా చక్రాలు తిరుగుతాయి, బలం పెట్టి తిప్పాలి, అంతే. కానీ పక్కన నిండు కాలువ ఉన్నప్పుడు ఆ సంగతి గుర్తుకు రాదు!

మీ వాకిట్లో ఒండ్రు మట్టి, జాకీ కూరుకుపోతుంది. సిమెంటు చేసిన చోట పెట్టు, లేదంటే జాకీ కింద మందపాటి చెక్క వెయ్యి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకు, స్టాండ్లు ఉండాలి. ఇటుకలు పేర్చావో చంపేస్తాను, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

ఇంజన్ చల్లారాకే మొదలుపెట్టు. తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచు. కింద టబ్బు పెట్టి హోసు వదులు చెయ్యి, రాకపోతే గుంజకు, పొడవునా బ్లేడుతో చీల్చెయ్, ఎలాగూ పారేసేదే. ఊడిన చివరలకి ప్లాస్టిక్ కవరు చుట్టు, ఒక్క ఇసుక రేణువు లోపలికి పోతే పంపుకి చేటు. వెనకాలే ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ ఉంటుంది, దాని రేకులకి పానా తగలనివ్వకు. కొత్త హోసు గొట్టం చివరి ఉబ్బు దాటేదాకా లోపలికి తొయ్యి, క్లిప్పు ఆ ఉబ్బుకి అవతల పడాలి.

అసలు ఓపిక కావాల్సింది గాలి తీసేటప్పుడు. ముందు చక్రాలు నేలకి ఆనకుండా లేపి ఉంచి, ఇంజన్ ఆఫ్‌లోనే, డబ్బాలో గీత దాకా ఆయిల్ పోసి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా ఓ 20 సార్లు తిప్పు, మట్టం తగ్గుతుంటే పోస్తూ ఉండు. బుడగలు ఆగాక ఇంజన్ ఆన్ చేసి మళ్లీ అదే, చివర్లో మాత్రం 5 సెకన్లకి మించి పట్టుకోకు. ఆయిల్ నురగ కట్టిందంటే గాలి ఇంకా ఉన్నట్టు, ఆపేసి ఓ అరగంట వదిలెయ్. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పొయ్యకు, సీళ్లు పాడవుతాయి, అప్పుడు షాపువాడు చెప్పిన ర్యాక్ ఖర్చు నిజమైపోతుంది.

టబ్బులో ఆయిల్ వేరే డబ్బాకెత్తి మెకానిక్ షెడ్డులో ఇచ్చెయ్, కాలువలో పారబోయకు, మీ మంచినీళ్ల చెరువు నిండేది ఆ నీళ్లతోనే. ఇదంతా అయ్యేదాకా బండి తియ్యకు. బండిలో డబ్బా ఖాళీ అయితే పంపు ఎండి అరిగిపోతుంది, కారింది వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే నిప్పంటుకోనూ వచ్చు.

ఆదివారం మీ అత్త చించినాడ మీదుగా రాజోలు వస్తోంది, నా జాకీ స్టాండ్లు రెండూ ఇచ్చి పంపిస్తాను. ఈలోగా డబ్బా మూత మీద ఏ ఆయిల్ అని రాసుందో ఫోటో తీసి పెట్టు, ఇక్కడ పాలకొల్లులో దొరికితే అదీ కొనిస్తా.

మీ మావయ్య