ఆటలమ్మతో డ్యూటీకి వెళ్తే ఆరు వేలు మిగులుతాయా?

ప్రశ్న: సార్, నాది కడప. వయసు 29. రెండేళ్ళుగా ఒక బట్టల షాపులో సేల్స్‌మన్‌ని. జీతం 17,000. అందులో ఈఎస్ఐకి 128 పట్టుకుంటారు. నెలలో ఒక్క రోజూ మానకపోతే 1,500 అటెండెన్స్ బోనస్ ఇస్తారు. ఇంటి అద్దె 4,500, బండి ఈఎంఐ 3,200, చీటీకి 2,000 పోతాయి. నా భార్య ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. పాపకు నాలుగేళ్ళు. ఆదివారం నా ఒంటి మీద పొక్కులు లేచాయి. ఆటలమ్మ అని, పొక్కులన్నీ ఎండేదాకా ఇల్లు కదలొద్దని డాక్టర్ చెప్పారు. ఇది ఉగాది, రంజాన్ సీజన్. జ్వరమని చెప్పి లీవు అడిగితే, ఇప్పుడు లీవంటే ఎట్లా అన్నారు ఓనర్. సోమ, మంగళవారాలు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మాస్కు వేసుకుని వెళ్ళాను. చీరల కౌంటర్లో నా పక్కనే ఏడో నెల గర్భిణి పనిచేస్తోంది. అందుకే మనసు పీకుతోంది. మానేస్తే 8 రోజుల జీతం పోతుంది. ఒక లోన్ యాప్ 20,000 ఇస్తానంటోంది. ఫీజులు పోను 15,400 చేతికొస్తుంది, 15 రోజుల్లో కట్టాలి. లోను తీసుకుని ఇంట్లో ఉండాలా, ఓర్చుకుని డ్యూటీకి వెళ్ళాలా?

జవాబు: మీ ప్రశ్న నిన్న రాత్రి వచ్చింది. వరస తప్పించి ముందు మీకే రాస్తున్నాను. డబ్బు లెక్క తర్వాత చూద్దాం, ముందు మీ పక్కన పనిచేసే ఆమెకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. చిన్నప్పుడు ఆమెకు ఆటలమ్మ పోసి ఉంటే భయం తక్కువ. పోసిందో లేదో తెలియకపోతే ఈరోజే తన డాక్టర్‌ను కలవాలి. గర్భిణికి ఇది సోకితే న్యుమోనియా దాకా పోవచ్చు. కాన్పు దగ్గరపడ్డాక సోకితే బిడ్డకూ ప్రమాదమే. ముందే తెలిస్తే డాక్టర్లు చేయగలిగింది ఉంటుంది. అది మొదటి కొద్ది రోజుల్లోనే జరగాలి. మొహమాటపడి రేపటికి వాయిదా వేయకండి.

ఇక మీరు అడిగినదానికి నా సమాధానం: డ్యూటీకి వెళ్ళొద్దు, ఆ లోనూ తీసుకోవద్దు.

ఫుల్‌హ్యాండ్స్ చొక్కా పొక్కుల్ని కప్పుతుందే గాని జబ్బును ఆపదు. ఆటలమ్మ గాలి ద్వారా కూడా అంటుకుంటుంది. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలై, అన్నీ చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. మన ఇళ్ళలో అమ్మ పోసిందంటే పెద్దవాళ్ళు గుమ్మానికి వేపమండలు కట్టేవారు. బయటివాళ్ళు లోపలికి రారు, పడకేసిన మనిషి నీళ్ళు పోసుకునేదాకా గడప దాటడు. వాళ్ళు ఏ నమ్మకంతో చేసినా చుట్టుపక్కల ఇళ్ళను కాపాడారు. అలాంటి గుమ్మం దాటి మీరు పండగ రద్దీలో చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లుల మధ్య నిలబడ్డారు. మిమ్మల్ని నిందించాలని కాదు. మీ చేత ఆ పని చేయించింది ఖాళీగా ఉన్న బ్యాంకు ఖాతా. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇదే తప్పు రకరకాలుగా కనిపిస్తుంది. ఒకరు కళ్ళకలకతో హోటల్లో వడ్డిస్తారు, ఇంకొకరు గవదబిళ్ళలతో స్కూలుకెళ్ళి పాఠం చెబుతారు. అడిగితే అందరిదీ ఒకటే మాట, జీతం పోతుంది సార్ అని.

పోయేది ఎంతో కాగితం మీద వేద్దాం. రోజుకు 567 చొప్పున 8 రోజులకు 4,533. బోనస్ 1,500 కలిపితే దాదాపు 6,000. మీ భార్య దగ్గరికి కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళను కూడా మీరు కోలుకునేదాకా రానివ్వకూడదు కాబట్టి కుట్టుపని మీద ఇంకో వెయ్యి తగ్గుతుందనుకుందాం. మొత్తం 7,000. ఈ 7,000 కంతకు మీరు 20,000 అప్పు వెతుకుతున్నారు! టెన్షన్‌లో ఉన్న మనిషి ఎంత కావాలో లెక్క వేసుకోడు, ఎంత ఇస్తారో అంత తీసుకుంటాడు. ఆ యాప్‌లు బతికేది దీని మీదే.

15,400 చేతికిచ్చి 15 రోజుల్లో 20,000 రాబట్టడమంటే రెండు వారాలకు 4,600 వడ్డీ, నూటికి దాదాపు 30. మన ఊళ్ళలో నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటేనే గొంతు కోస్తున్నారంటాం. ఆ లెక్కన 15,400కు పదిహేను రోజుల వడ్డీ 385. ఆ అప్పూ చేయమనడం లేదు, రెండింటికీ తేడా చూడమంటున్నాను. పదహారో రోజు 20,000 ఎక్కడి నుంచి తెస్తారు? 17,000 జీతంలోంచా? ఇంకో యాప్‌లోంచి తెస్తారు. అప్పుల ఊబి అలాగే మొదలవుతుంది. పైగా ఆ యాప్ మీ ఫోన్‌లోని నంబర్లు చూడటానికి అనుమతి అడిగి ఉంటుంది. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. అడిగిందంటే ఎలాంటి యాపో తెలిసిపోయినట్టే. ఇప్పుడే తీసేయండి.

మీరు నెలనెలా కడుతున్న 128 దేనికో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. ఈఎస్ఐ అంటే మందులిచ్చే చోటని మాత్రమే చాలామందికి తెలుసు. జబ్బు చేసి పనికి వెళ్ళలేని రోజులకు సగటు రోజు జీతంలో 70 శాతం ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. రెండేళ్ళుగా మానకుండా చేస్తున్నారు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. మొదటి రెండు రోజులకు మామూలుగా రాదు. మిగిలిన ఆరు రోజులకు రోజుకు 400 లోపు, అంటే సుమారు 2,380 మీ ఖాతాలో పడుతుంది. దానికి ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. గడిచిపోయిన రోజులకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం కష్టం, కనుక ఈరోజే వెళ్ళండి. ఫోన్ చేసి, మాస్కు పెట్టుకుని వెళ్ళి, ఆటలమ్మ అని గేటు దగ్గరే చెప్పండి. లైన్లో జనం మధ్య కూర్చోకండి.

ఓనర్‌కు జ్వరమని చెప్పారు. ఆటలమ్మ అని చెప్పండి. పండగ సీజన్లో సేల్స్‌మన్లందరూ ఒకరి తర్వాత ఒకరు మంచాన పడాలని ఏ ఓనరూ కోరుకోడు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం షాపు ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో కూడిన అనారోగ్య సెలవు హక్కుగా ఉంది. గొడవకు దిగకుండా అడిగి చూడండి. జీతం ఇచ్చిన రోజులకు ఈఎస్ఐ ఇవ్వదు, కాబట్టి అది రాని మొదటి రెండు రోజులకైనా ఈ సెలవు వాడుకుంటే మంచిది.

మిగిలే లోటు మూడున్నర నుంచి నాలుగున్నర వేలు. జీతంలో అడ్వాన్స్ అడగొచ్చు, లేదా మీ భార్య పొదుపు సంఘంలో ఉంటే అక్కడ తీసుకోవచ్చు. ఇంత చిన్న మొత్తానికి బంగారం కుదువ పెట్టొద్దు, చీటీ పాడొద్దు.

నేను ఎవరికి జవాబు రాసినా చివరికి వచ్చి ఆగే చోటు ఒకటుంది. మీ దగ్గర 8,500 వేరుగా పెట్టి ఉంటే ఆదివారం ఈ ప్రశ్నే పుట్టేది కాదు. డాక్టర్ చెప్పిన మాట విని ఇంట్లో పడుకునేవారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది కదా, ఇంకా ఎందుకు అంటారు చాలామంది. ఆ కార్డు ఆసుపత్రి బిల్లుకు. ఆటలమ్మతో ఇంట్లో పడుకున్న రోజుల జీతం అది ఇవ్వదు. అత్యవసర నిధి అంటే ఆరు నెలల ఖర్చు దాచాలని చదివి, లక్ష రూపాయలు మనవల్ల ఎక్కడవుతుందని మీలాంటివాళ్ళు మొదలే పెట్టరు. లక్ష సంగతి వదిలేయండి. మొదటి మెట్టు 15 రోజుల జీతం, అంటే 8,500. నెలకు 1,000 చొప్పున తొమ్మిది నెలల్లో అవుతుంది. రెండో మెట్టు ఒక నెల జీతం. బండి ఈఎంఐ తీరిన నెల నుంచి ఆ 3,200 మొత్తం దీనికే మళ్ళించండి, కొత్త ఫోన్‌కు కాదు. జీతం పడే ఖాతాలో ఈ డబ్బు ఉంచకండి. ఇంకో బ్యాంకులో మీ భార్య పేరు మీద ఖాతా తెరవండి, దాన్ని ఫోన్‌పేకి కలపకండి. ఎంత వడ్డీ వస్తుందని వెతకొద్దు. జబ్బు చేసిన రోజు గంటలో చేతికొస్తే చాలు.

రెండో మెట్టు దాకా ఎందుకంటే, ఆటలమ్మ సోకిన 10 నుంచి 21 రోజుల మధ్య బయటపడుతుంది. ఇంతకుముందు రాకపోతే పాపకూ, మీ భార్యకూ ఈ నెలలోనే రావచ్చు. అప్పుడు కుట్టుమిషన్ పూర్తిగా ఆగుతుంది, మీకూ ఒకటి రెండు రోజులు సెలవు కావాలి. అందుకని ఈఎస్ఐ డబ్బు పడగానే ఆ 2,380ని కొత్త ఖాతాలో వేసి అలాగే ఉంచండి. పాప ఒంటి మీద మొదటి పొక్కు కనిపించిన రోజు అది మీకు కావాలి.