సూట్‌కేస్ తీసెయ్యి అబ్బయ్యా

నెల్లూరు, మూలాపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. కందుకూరు వేలం కేంద్రంలో తన పొగాకు బేళ్ళను ఎవరూ పాడక నో బిడ్ పడ్డాక, మిలటరీలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి "రేటు బాగానే పలికిందిరా" అని చెప్పే ఆ తండ్రి బాగున్నాడు. ఆ సీను జోలికి పోకు.

ఆ తర్వాత కథ ఢిల్లీకి పోయింది. అక్కడినుంచే నాకు ఒళ్ళు మండింది. ఆయుధాల కంపెనీ మనిషి హోటల్ గదిలో ఎంపీ చేతికి సూట్‌కేస్ ఇస్తాడు. తెల్లారేసరికి ఎంపీ మనసు మారుతుంది. లోక్‌సభలో లేచి గంటసేపు గర్జిస్తాడు. అందరూ బల్లలు చరుస్తారు, మంత్రి తలదించుకుంటాడు. ఎక్కడ చూశావయ్యా ఇది? ఆయనకు గంట టైమ్ ఎవరిచ్చారు? సభలో టైమ్ పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. చిన్న పార్టీ సభ్యుడికి నాలుగు నిమిషాలు దొరకడమే కష్టం. అసలు ఆ ఏడు రక్షణ శాఖ పద్దు చర్చకు వచ్చిందో లేదో కనుక్కున్నావా?

2018 మార్చి 14న లోక్‌సభలో జరిగింది చదువు. గడువు అయిపోయిందనుకున్నప్పుడు, చర్చించని పద్దులన్నిటినీ మూటగట్టి ఒకేసారి ఓటుకు పెడతారు. దాన్ని గిలటిన్ అంటారు. ఆ రోజు అన్ని శాఖల పద్దులూ అట్లాగే పోయాయి. రక్షణ బడ్జెట్ పెన్షన్లు కాక 2.95 లక్షల కోట్లు. దాని మీద సభలో ఒక్కరూ ఒక్క మాట అనకుండా ఆమోదం అయిపోయింది. అదే రోజు ఆర్థిక బిల్లు కూడా చర్చ లేకుండా పాసయింది. అందులో విదేశీ విరాళాల చట్టానికి ఒక సవరణ ఉంది. 2014లో ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాలు తీసుకుని ఆ చట్టాన్ని ఉల్లంఘించాయని తీర్పిచ్చింది. ఈ సవరణ 1976 దాకా వెనక్కి వెళ్ళి, ఆ తప్పును తప్పు కాకుండా చేసింది. దేశాన్ని కాపాడే డబ్బూ, పార్టీలను కాపాడే సవరణా ఒకే పూట, ఒకే గోలలో గట్టెక్కాయి. ఆ గోలలో మనవాళ్ళూ ఉన్నారు. మన రాష్ట్ర ఎంపీలు ప్రత్యేక హోదా ప్లకార్డులు పట్టుకుని స్పీకర్ ముందున్న వెల్‌లో నిలబడ్డారు. హోదా అడగడం తప్పని నేననను. కానీ అదే రోజు మన వెనక ఏం జరిగిపోయిందో నీలాంటి రచయిత ఒక్కడన్నా రాయాలి కదా. నీకు కావాల్సిన కథ అక్కడుంది. నువ్వు హోటల్ గదిలో వెతికావు.

ఇంకో సంగతి. ఒక్క ఎంపీని కొని కంపెనీ ఏం చేసుకుంటుంది? 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్, అంటే ఎట్లా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, కాదని ఓటేస్తే సభ్యత్వం పోతుంది. మరి డబ్బున్నవాడు ఎవరి దగ్గరికి పోతాడు? పార్టీ ఆఫీసుకే. 1969లో నిషేధించిన కంపెనీ విరాళాలను మళ్ళీ అనుమతించిందీ 1985లోనే. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక రాత్రి కూర్చో. నీ ఎంపీ పాత్ర మొత్తం మారిపోతుంది.

సూట్‌కేసులు అబద్ధమా అంటావేమో. కాదు. 2001లో, లేని ఆయుధాల కంపెనీ పేరుతో వచ్చిన విలేకరుల దగ్గర లక్ష రూపాయలు తీసుకుంటూ మన తెలుగాయన బంగారు లక్ష్మణ్ కెమెరాకు దొరికారు. అప్పుడాయన బీజేపీ జాతీయ అధ్యక్షుడు. పార్టీ ఫండ్ కోసమని చెప్పుకున్నారు. 2012లో కోర్టు శిక్ష వేసింది. అక్కడ నోట్ల కట్టలు కళ్ళకు కనిపించాయి. 2018లో పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు వచ్చాక ఆ కట్టలతో పనిలేకుండా పోయింది. స్టేట్ బ్యాంకుకు పోయి కోటి రూపాయల బాండు కొంటే చాలు, పదిహేను రోజుల్లో పార్టీ ఖాతాలో పడాల్సిందే. కాగితం మీద ఇచ్చినవాడి పేరూ ఉండేది కాదు, పుచ్చుకున్నవాడి పేరూ ఉండేది కాదు. కానీ ఒక జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు కొని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే, అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనబడే నంబరు బయటపడింది. మామూలు వెలుతురులో ఏమీ లేనట్టుండే ఆ కాగితాన్ని వదిలేసి సూట్‌కేస్ రాశావు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చిలో ఇచ్చినవాళ్ళ, పుచ్చుకున్న పార్టీల జాబితాలు బయటికొచ్చాయి. చదువు. అయితే పేరున్న ప్రతివాడూ లంచమిచ్చాడని రాయకు. ఎవడు ఎప్పుడు ఇచ్చాడు, ఆ ముందూ వెనకా ఏం జరిగింది, అది చూడు.

కాగితం చదవకుండా కథ రాయకూడదని నేను అందరితోనూ పోట్లాడతాను. కావలిలో విలేకరిగా తిరిగే రోజుల్లో ఒక రైసు మిల్లులో చిట్టా పుస్తకం చూశాను. ఎన్నికల నెల. రెండు పార్టీలకూ ఇచ్చిన చందా ఒకే పేజీలో, ఒకే మొత్తం, పైనా కిందా రాసుంది. పద్దు పేరు 'ధర్మం'. గుడికిచ్చిన నూనె డబ్బాలూ అందులోనే. గుమాస్తా నా చూపు గమనించి మెల్లగా అరచెయ్యి ఆ పేజీ మీద పెట్టాడు. దాని మీద కథ రాసి మద్రాసు బస్సెక్కి పోయి ఒక పెద్ద వారపత్రిక సంపాదకుడికి ఇచ్చాను. "లెక్కలు తీసెయ్యండి, గుమాస్తాకు జబ్బు చేసిన కూతుర్ని పెట్టండి" అన్నాడు. పెట్టలేదు. ఆ కథ ఏళ్ళ తరబడి ట్రంకుపెట్టెలో ఉండి చివరికి ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు. ఇప్పటి సంపాదకులు కూతుర్ని అడగడం మానేసి కొసమెరుపు అడుగుతున్నారు. నీ ఎంపీ ప్రసంగం ఆ కొసమెరుపు కోసం పుట్టిందే. పాఠకుడికి లెక్కలు అక్కర్లేదని ఎవరు చెప్పారు వీళ్ళకి? పొగాకు కిలోకు రూపాయి తగ్గితే రాత్రంతా నిద్రపోని రైతులు మన పాఠకులు.

"దేశ భద్రత విషయం, సభలో మాట్లాడకూడదు" అని నీ మంత్రి అంటే నీ ఎంపీకి జవాబు దొరకలేదు. 1962 నవంబరులో చైనాతో యుద్ధం జరుగుతుండగానే లోక్‌సభ కూర్చుంది. 165 మంది మాట్లాడారు. నెహ్రూ ఎదురుగా కూర్చుని విన్నారు. ఇది తెలియని ఎంపీని చూపించినా ఫరవాలేదు, రచయితకు మాత్రం తెలిసుండాలి.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతా. నీ జవానును సియాచిన్‌లో పెట్టు. అక్కడి సైనికులకు మంచు కళ్ళద్దాలు, బూట్లు సరిగా అందలేదని ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. అందులో విరాళాల ఊసు లేదు. అది నీ కల్పన, కల్పనగానే ఉంచు. నీ ఎంపీ ఆ బూట్ల మీద ప్రశ్నకు నోటీసు ఇస్తాడు. ఇచ్చాక ఫోనొస్తుంది, కంపెనీ నుంచి కాదు, సొంత పార్టీ కోశాధికారి నుంచి. బెదిరించడు, డబ్బు మాటే ఎత్తడు. పిల్లల చదువులు అడుగుతాడు, వచ్చే ఎన్నికల ఖర్చు ఎంతవుతుందో అడుగుతాడు. మర్నాడు ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నట్టు రెండు వాక్యాల కాగితం లోక్‌సభ సచివాలయానికి పోతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఎంపీ చెయ్యి వణికిందని మాత్రం రాయొద్దు. వణకదు. రోజూ పెట్టే సంతకమే అది.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు ఏం పెట్టుకోవాలి అని అడిగావు. ముందు కథ కానీ.

నేను పాత పార్లమెంటు డిబేట్ల కోసం టౌన్‌హాలు రీడింగ్ రూములో దుమ్ము దులుపుకుంటూ ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో. నీకు అవన్నీ లోక్‌సభ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఆ మార్చి 14 నాటి పేజీలన్నీ చదివాకే ఢిల్లీ భాగం మళ్ళీ మొదలుపెట్టు. రాసింది ఉగాది లోపు పంపు. పండగయ్యాక హైదరాబాద్ పోతున్నా, అక్కడ చదవడం కుదరదు. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి